అందులో ఉందిగా

అమ్మమ్మ పాట ఎక్కడుందని ఎవరడిగినా హాల్లో గూట్లో ఉన్న చిన్న నల్ల స్పీకర్ వైపు చెయ్యి చూపించేదాన్ని. ఏళ్ల తరబడి అలాగే చూపించాను. పాట ఆ స్పీకర్లో ఏనాడూ లేదు. దాని నెత్తిన నిలబెట్టిన ఐపాడ్‌లో ఉండేది, అదీ ఒక నకలు మాత్రమే. అసలుది ఏమైందో ఒక్కసారైనా ఆలోచించలేదు. నా తెలివితక్కువతనమంతా ఆ చెయ్యి చూపించడంలోనే ఉంది. ఈ సంగతి ఇన్నాళ్లూ అమ్మకి కూడా ముక్కలు ముక్కలుగానే చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు దాచకుండా రాస్తున్నాను.

2008 వేసవిలో తమ్ముడు న్యూజెర్సీ నుంచి వస్తూ రెండు పెట్టెలు తెచ్చాడు. ఒకదాంట్లో 80 జీబీ ఐపాడ్ క్లాసిక్, రెండోదాంట్లో దాన్ని నిలబెట్టి వినే స్పీకర్ డాక్. జానెడున్నర పొడవు, బెత్తెడు ఎత్తు. ముందు వైపు నల్లటి జాలీ గుడ్డ, దాని వెనక రెండు చిన్న స్పీకర్లు. పైన ఒక పల్లం, ఆ పల్లంలోంచి పైకి పొడుచుకొచ్చిన సన్నటి కనెక్టర్. ఐపాడ్‌లు ఒక్కో మోడల్ ఒక్కో మందంలో ఉండేవి కాబట్టి పల్లంలో అమర్చుకోవడానికి ప్లాస్టిక్ తొడుగులు నాలుగైదు ఇచ్చారు. ఏది దేనికో తెలిసేలా వాటి మీద అంకెలున్నాయి. మాదానికి సరిపోయేది పెట్టి ఐపాడ్‌ని నిలువుగా దించితే టిక్కుమని కూర్చునేది. తెర వెలిగేది, ఛార్జింగ్ గుర్తు కనిపించేది, పాట మొదలయ్యేది.

ఆ కనెక్టర్‌లో 30 పిన్నులుంటాయి. 2003లో వచ్చిన మూడో తరం ఐపాడ్‌తో అది మొదలైంది. 2012లో లైట్నింగ్ వచ్చేదాకా ఆపిల్ వాళ్ల ఐపాడ్‌లకీ ఫోన్లకీ దాదాపు అన్నిటికీ అదే. కొన్ని పిన్నులు కరెంటు ఎక్కిస్తాయి, రెండు పిన్నులు ఎడమ కుడి పాటను దించుతాయి, ఇంకొన్ని రిమోటు నొక్కినప్పుడు ఆ మాటను ఐపాడ్‌కి చేరవేస్తాయి. హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి వచ్చే పాట ఐపాడ్ వాల్యూమ్‌ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ పిన్నుల దారిన వచ్చే పాటకు ఆ పట్టింపు లేదు. ఒకే స్థాయిలో శుభ్రంగా దిగుతుంది, పెంచడం తగ్గించడం డాక్ చూసుకుంటుంది. అందుకే అంత చిన్న వస్తువులోంచి అంత స్పష్టంగా వినిపించేది.

దాన్ని ప్లగ్గులో పెట్టేముందు నేను తీసుకున్న జాగ్రత్త నాకు బాగా గుర్తుంది. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కణ్నుంచి తెచ్చిన మిక్సీ ఒకటి మా బంధువులింట్లో పెట్టగానే కాలిపోయింది. అందుకని అడాప్టర్‌ని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి, దాని వీపు మీద చీమ తలకాయంత అక్షరాల్లో 100-240 అని ఉందని రెండుసార్లు చదువుకుని, మా ఆయన చేత కూడా చదివించి అప్పుడు పెట్టాను. పోతే బజార్లో ఇంకోటి దొరికే వస్తువుకి అంత కాపలా కాశాను.

డాక్ వచ్చాక మా ఇంట్లో వినడం మారింది. అంతకుముందు ఎవరి పాట వాళ్ల చెవిలోనే ఉండేది. మా ఆయన బస్సులో వినేవారు, మా అమ్మాయి మంచం మీద పడుకుని వినేది. డాక్ గూట్లోకి వచ్చాక పాట అందరిదీ అయింది. పొద్దున్న అమ్మ కాఫీ కలుపుతుంటే బాలమురళి, సాయంత్రం ఘంటసాల. చిన్న స్పీకర్ అని తీసిపారేయడానికి లేదు. నిజమే, మృదంగంలో ఎడమ వైపు మోత రావాలంటే స్పీకర్ బోలెడంత గాలిని కదపాలి, రెండంగుళాల స్పీకర్ వల్ల అది కాదు. రెండు స్పీకర్లూ పక్కపక్కనే ఉండడంతో కుడి ఎడమ తేడా గది మధ్యకొచ్చేసరికి మిగలదు. అయితే పాత పాటలకు ఆ లోటు తెలియదు. 1950ల, 60ల సినిమా పాటలు మోనోలో రికార్డయినవే. మనిషి గొంతు పలికే స్థాయిలే ఆ చిన్న స్పీకర్లు బాగా పలికించగలవి. గూట్లో మూలగా, గోడకి ఆనించి పెట్టేసరికి అడుగు స్వరాలకి కూడా కాస్త బలం వచ్చింది. పక్కన సెల్‌ఫోన్ పెడితే మాత్రం రింగవడానికి ముందే స్పీకర్లో టిటిటిట్ టిటిటిట్ అని గోల వచ్చేది. అమ్మ వంటింట్లోంచే "ఫోనొస్తోందర్రా" అని కేకేసేది.

అన్నిటికంటే బాగా పలికింది అమ్మమ్మ గొంతే.

మా అమ్మమ్మది అమలాపురం దగ్గర పల్లె. 1986లో మా పెద్దమామయ్య మస్కట్ నుంచి వస్తూ టూ-ఇన్-వన్ తెచ్చాడు. కోనసీమలో ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి మనిషి వచ్చిన ప్రతి ఇంట్లో ఉండే వస్తువే. రికార్డింగ్ ఎలా పనిచేస్తుందో చూద్దామని మామయ్య 90 నిమిషాల కాసెట్ ఒకటి పెట్టి అమ్మమ్మని పాడమన్నాడు. ఆవిడ ఒక వైపు ఊర్మిళాదేవి నిద్ర, రెండో వైపు లక్ష్మణదేవర నవ్వు పాడింది. మన ఆడవాళ్లు మధ్యాహ్నం పనులయ్యాక, పేరంటాల్లో, పెళ్లిళ్లలో పాడుకున్న రామాయణం పాటల్లోవి ఆ రెండూ. కౌసల్య వేవిళ్లు, శాంతా కల్యాణం లాంటి పాటలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వెల్చేరు నారాయణరావుగారు వీటి మీద రాసిన వ్యాసం 1991లో ఇంగ్లీషులో వచ్చింది. యుద్ధాలూ రాజ్యాలూ పక్కన పెట్టి, ఇంటి లోపల ఆడవాళ్ల బతుకు మీద నిలబడిన రామాయణం ఇది అని అందులో వివరంగా చూపించారు. ఆ వ్యాసం నేను చదివింది పాట పోయిన తర్వాత.

కాసెట్ మొదట్లో రికార్డు మీట నొక్కిన చప్పుడు టక్కుమని వినిపిస్తుంది. "మొదలెట్టమంటావా?" అని అమ్మమ్మ అడుగుతుంది. మామయ్య జవాబు వినిపించదు, తలూపి ఉంటాడు. తర్వాత పాట. పద్నాలుగేళ్ల తర్వాత లక్ష్మణుడు గదిలోకొస్తే ఊర్మిళ గుర్తుపట్టదు. పరాయి ఆడదాని గదిలోకి ఎందుకొచ్చావని మందలిస్తుంది. ఆ మందలింపు దగ్గర అమ్మమ్మ గొంతు పెంచదు. ఇంకా తగ్గించి, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతుంది. మధ్యలో దొడ్డివైపు నుంచి గేదె అరుస్తుంది. ఒకచోట మా అమ్మ కూడా కలిసి పాడుతుంది. అప్పుడు అమ్మ వయసు ఇప్పటి నా వయసు కంటే తక్కువ. రెండో వైపు పాట సగంలో తెగిపోతుంది. నిండు కొలువులో లక్ష్మణుడు పకపకా నవ్వితే, ఒక్కొక్కరూ నన్ను చూసే నవ్వాడని లోలోపల కుమిలిపోయే చోట టేపు అయిపోయింది. ఎందుకు నవ్వాడో చెప్పే భాగం కాసెట్‌లో లేదు.

అమ్మమ్మ 1994లో పోయింది. కాసెట్ అమ్మ ట్రంకు పెట్టెలో చీరల మధ్య ఉండేది. ఐపాడ్ వచ్చిన కొత్తలో దీన్ని కూడా ఎక్కిద్దామని నాకే తోచింది. ఆ పని మాత్రం శ్రద్ధగానే చేశాను. టేపు అంచున తెల్లగా బూజు కట్టింది. మెత్తటి గుడ్డతో అద్ది, పెన్సిలు దూర్చి ముందుకీ వెనక్కీ తిప్పి వదులు చేశాను. టేప్ రికార్డర్ హెడ్‌ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ వెనక నీలం రంగు రంధ్రంలోకి వైరు వేసి, ఆడాసిటీ అనే ప్రోగ్రామ్ తెరిచి రికార్డు నొక్కాను. ఈ పనిలో తొందర కుదరదు. 90 నిమిషాల కాసెట్‌కి 90 నిమిషాలూ కూర్చోవాల్సిందే. కూర్చున్నాను.

అక్కణ్నుంచి వరసగా తప్పులు చేశాను. చేస్తున్నప్పుడు ప్రతిదీ తెలివైన పనిగానే కనిపించింది.

కంప్యూటర్లోకి మొదట దిగిన రికార్డింగ్ డబ్ల్యూఏవీ ఫైలు, ఏమీ కుదించనిది. 90 నిమిషాలకి 950 ఎంబీ దాకా అయింది. దాన్ని 128 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చితే 86 ఎంబీకి దిగింది. చెవికి తేడా తెలియలేదు. చోటు కలిసొచ్చిందని పెద్ద ఫైలు చెరిపేశాను. కాసెట్ ఒక వైపంతా ఒకే ఫైలుగా ఉంచేశాను. పాటని విడగొట్టి పేర్లు పెట్టడానికి బద్ధకించాను. దీని ఫలితం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. డాక్ రిమోటు బిళ్లంత చిన్నది. మొదలు, ఆపు, ముందు పాట, వెనక పాట, వాల్యూమ్, అంతే. 45 నిమిషాల ఫైల్లో మధ్యకి వెళ్లాలంటే గూటి దగ్గరకెళ్లి ఐపాడ్ చక్రం మీద వేలితో తిప్పుకోవాలి. ఎవరూ తిప్పలేదు. ఎప్పుడు పెట్టినా మొదటి నుంచే వినేవాళ్లం. అన్నాలు తినే వేళకి ఆపేసేవాళ్లం. అలా మా ఇంట్లో అందరికీ మొదటి పదిహేను ఇరవై నిమిషాలు నోటికొచ్చాయి. పాట రెండో సగం ఎవరి చెవినా సరిగ్గా పడలేదు.

2011లో కూకట్‌పల్లి నుంచి మియాపూర్‌కి ఇల్లు మారాం. సామాను తగ్గించాలని పట్టుపట్టింది నేను. కాసెట్లన్నీ అట్టపెట్టెలో పోసి పాత సామాన్లవాడికి వెయ్యబోతుంటే అమ్మ ఆ ఒక్కదాన్ని చేతిలోకి తీసుకుంది.

"దీన్ని ఉండనీవే. ఉంటే ఏమైనా అన్నం పెట్టమంటుందా?"

"బూజు పట్టిందమ్మా. పక్కనున్న పుస్తకాలకి కూడా అంటుకుంటుంది. వినడానికి టేప్ రికార్డర్ కూడా లేదు. పాట డాక్‌లో ఉందిగా."

అమ్మ ఇంకేమీ అనలేదు. పెట్టెలో తిరిగి పెట్టేసింది. ఆవిడ నా మాట నమ్మింది. ఈ యంత్రాల సంగతి కూతురికి తెలుసని నమ్మింది.

అదే వారం పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ కూడా పోయింది. కొన్నవాడు వచ్చి నిలబడ్డాక మా ఆయన అడిగారు, "దీంట్లో మనకి కావలసినవి ఏమైనా ఉన్నాయా?" అని. ఫొటోలు సీడీల్లోకి ఎక్కించానని, పాటలు ఐపాడ్‌లో ఉన్నాయని చెప్పాను. నిజానికి పాటల అసలు లైబ్రరీ ఆ కంప్యూటర్లోనే ఉంది. ఐపాడ్‌లో ఉన్నదంతా దాని నకలు. డాక్ లేకుండా ఉంటే ఛార్జింగ్ కోసమైనా ఐపాడ్‌ని తరచూ కంప్యూటర్‌కి తగిలించేదాన్ని. పాట అక్కణ్నుంచి ఇక్కడికి వస్తోందన్న జ్ఞాపకం ఉండేది. డాక్ ఛార్జింగూ తానే చూసుకుంది, పాటా తానే వినిపించింది. నెలల తరబడి కంప్యూటర్ అవసరమే రాలేదు. దాంతో పాట పుట్టిల్లే ఆ గూడని నాకు స్థిరపడిపోయింది.

అన్నిటికంటే పెద్ద తప్పుకి యంత్రాలతో సంబంధం లేదు. ఆ రోజుల్లోనే అమ్మ రెండు మూడుసార్లు, మధ్యాహ్నం నేను ఖాళీగా కనిపించినప్పుడు, "ఆ పాట నేర్చుకోవే, నాకు ఇంకా గుర్తుండగానే చెబుతాను" అంది. ప్రతిసారీ ఒకటే జవాబిచ్చాను. అందులో ఉందిగా అమ్మా, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు అన్నాను. వినడం, నేర్చుకోవడం ఒకటేనన్నట్టు మాట్లాడాను. నోట్లో నిలబడాల్సిన పాటని గూట్లో నిలబెట్టి, పని అయిపోయిందనుకున్నాను. అమ్మ తన తల్లి దగ్గర కూర్చుని, బియ్యం ఏరుతూ, తప్పు పాడితే తొడ మీద చిన్న దెబ్బ తింటూ నేర్చుకున్న పాట అది.

2013లో ఒక సాయంత్రం మా అమ్మాయికి బడి వార్షికోత్సవంలో డాన్సుకి పాట ఒకటి కావలసి వచ్చింది. కొత్త లాప్‌టాప్‌లో ఐపాడ్‌కి పాటలెక్కించే ఐట్యూన్స్ వేసి, డాక్ మీంచి ఐపాడ్ తీసి తగిలించాను. తెర మీద ప్రశ్న వచ్చింది. ఈ ఐపాడ్ వేరే లైబ్రరీతో జతపడి ఉంది, దీన్ని చెరిపేసి ఈ లైబ్రరీతో జతచెయ్యాలా అని. చెరిపేసి అనే మాట అక్కడ స్పష్టంగా ఉంది. వద్దనుకుంటే ఆపేసే మీట కూడా పక్కనే ఉంది. నేను చదివాను కూడా. పాతవీ కొత్తవీ కలిసిపోతాయిలే అనుకుని సరే అని నొక్కాను. ఎందుకలా అనుకున్నానంటే, పాటలు ఐపాడ్‌లో నిలవ ఉంటాయని నా నమ్మకం కాబట్టి. ఐపాడ్ పని అది కాదు. దానిది అద్దం వాటం, ఎదురుగా ఏ మొహం నిలబడితే ఆ మొహమే చూపిస్తుంది. పాటలు కంప్యూటర్ నుంచి ఐపాడ్‌కి వెళ్లడానికే దారి వేశారు, మనం సొంతంగా ఎక్కించుకున్నవి తిరిగి రావడానికి వెయ్యలేదు. పాటలు ఒకరి నుంచి ఒకరికి పాకిపోతాయన్న భయం రికార్డు కంపెనీలకి ఉన్న రోజులవి. 2001లో మొదటి ఐపాడ్‌ని అమ్మినప్పుడు దాని మీద సంగీతం దొంగిలించవద్దని అంటించి మరీ ఇచ్చారు. ఆ పద్ధతి తెలియకపోవడం నా లోపం. అడిగినప్పుడు ఆగి ఆలోచించకపోవడం అంతకంటే పెద్ద లోపం.

ఆ రాత్రి కూర్చుని సీడీల్లోంచి, మా ఆయన పెన్‌డ్రైవ్‌లోంచి పాటలు తెగ ఎక్కించాను. ఐపాడ్ నిండుగా కనిపించేసరికి తృప్తి కలిగింది. తిరిగి డాక్ మీద పెట్టాను. టిక్కుమని కూర్చుంది.

నాలుగు రోజుల తర్వాత శనివారం పొద్దున్న అమ్మ "అమ్మమ్మది పెట్టవే" అంది. కళాకారుల పేర్ల వరసలో 'అమ్మమ్మ' అనే పెట్టుకున్నాను, వరసలో మొదట్లోనే వచ్చేది. చక్రం తిప్పాను. ఆ పేరు లేదు. కిందిదాకా వెళ్లి మళ్లీ పైకొచ్చాను. వేరే పేరుతో ఉందేమోనని మొత్తం పాటల వరస చూశాను. బాలమురళి లేరు, ఘంటసాల పద్యాలు లేవు. అవన్నీ మళ్లీ దొరుకుతాయని బుర్ర వెంటనే చెప్పింది. ఆ మాట చెబుతూ చెబుతూ ఒకచోట ఆగింది. వెనక అమ్మ ఎదురుచూస్తోంది. ఛార్జింగ్ లేదమ్మా, సాయంత్రం పెడతానని అబద్ధం చెప్పాను. డాక్ మీద కూర్చున్న ఐపాడ్‌కి ఛార్జింగ్ లేదనడం ఎంత అతకని మాటో ఆవిడకి తెలియదు.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు మొదట అన్న మాట, "అక్కా, దాన్ని డాక్ మీంచి తీసెయ్. ఇంకేమీ ఎక్కించకు." ఎక్కించేశానురా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు వాడు.

తర్వాత వాడు చెప్పి చేయించిన పని నాకు కొత్త. చెరిపేసిన ఫైలు వెంటనే పోదు. ఆ చోటు ఖాళీ అని రాసుకోవడం మాత్రమే జరుగుతుంది. దాని మీద ఇంకోటి రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. అంటే నేను సరే అని నొక్కిన క్షణంలో అమ్మమ్మ పాట పోలేదు. ఆ రాత్రి తృప్తిగా ఎక్కించిన పాటలు ఒక్కొక్కటే దాన్ని తుడిచేశాయి. ఐపాడ్ క్లాసిక్ లోపల ఉండేది చిన్న హార్డ్ డిస్క్, 1.8 అంగుళాలది. అందులో పాటలు మనకి కనపడని ఫోల్డర్లో ఉంటాయి. దాని లోపల ఎఫ్00, ఎఫ్01 అంటూ వరసగా అరలు, ప్రతి అరలో నాలుగక్షరాల అర్థంలేని పేర్లతో ఫైళ్లు. నేను ఇన్నేళ్లూ అమ్మమ్మ అని పిలిచిన ఫైలుకి లోపల ఏం పేరుందో నాకు తెలియదు. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ అంతా జల్లించాం. అది ఫైళ్ల పేర్లు తేలేదు, ఆనవాలు పట్టి ముక్కల్ని తెస్తుంది. వందలకొద్దీ వచ్చాయి. ప్రతిదీ తెరిచి మొదటి రెండు క్షణాలు వింటూ పోయాను. వంట చేస్తూ, బస్సులో, రాత్రుళ్లు అదే పని. ఎక్కువగా సినిమా పాటలే.

చివరికి ఒకదాంట్లో గేదె అరుపు వినిపించింది. నాలుగైదు నిమిషాల ముక్క. ఎంపీ3 ఫైలు అంటే 26 మిల్లీసెకన్ల చొప్పున చిన్న చిన్న తునకల వరస. మధ్యలో తెగిపోయినా మిగిలిన తునకలు పలుకుతాయి. ఆ గుణం వల్లే ఇంత దక్కింది. మొదట్లో గరగరమని ఒక చప్పుడు వచ్చి, మాట మధ్యలోంచి అమ్మమ్మ గొంతు మొదలవుతుంది. అయితే అది పాట మొదటి భాగంలోది. అందరికీ నోటికొచ్చిన భాగం. ఎవరూ చక్రం తిప్పి వినని రెండో సగంలోంచి ఒక్క తునకా దొరకలేదు. కాసెట్ రెండో వైపు నుంచి అసలేమీ రాలేదు.

అమ్మకి అప్పుడు చెప్పాను. ఆవిడ తిట్టలేదు. ఆ ముక్క పెట్టమంది. లాప్‌టాప్ నుంచి డాక్ వెనకనున్న రంధ్రంలోకి వైరు వేసి పెట్టాను. విన్నాక, "తర్వాతది నాకు రావాలి, ఉండు" అని తనలో తాను పాడుకోవడం మొదలుపెట్టింది. కొంత దూరం వెళ్లి ఆగింది. ఊర్మిళ లక్ష్మణుణ్ని గుర్తుపట్టిన తర్వాత వరస ఆవిడకి చెదిరిపోయింది. "నువ్వడిగినప్పుడే చెప్పేదాన్ని" అంది. అడిగింది ఆవిడే, అడగనిది నేను. అది కూడా తిరగేసి నా తప్పు తక్కువ చేసింది.

నేను ఇప్పుడు నేర్చుకుంటున్నాను. ఊర్మిళాదేవి నిద్ర అచ్చులో ఉంది, స్త్రీల పాటల సంకలనాల్లో దొరుకుతుంది, చదువుకున్నాను. అచ్చులో ఉన్న పాఠానికీ మా ఇంటి పాఠానికీ చాలా చోట్ల తేడా ఉంది. మందలింపు దగ్గర అమ్మమ్మ పాడిన మాటలు కొన్ని పుస్తకంలో లేవు, పుస్తకంలో ఉన్నవి కొన్ని అమ్మ ఎప్పుడూ వినలేదంది. రాగం సంగతి చెప్పనే అక్కర్లేదు, అచ్చులో అదెలాగూ ఉండదు. అమ్మ పాడిన ప్రతిసారీ ఫోన్లో రికార్డు చేస్తున్నాను. కుదించని ఫైలే ఉంచుతున్నాను. ఒక నకలు తమ్ముడి దగ్గర, ఒకటి మా ఇంట్లో డిస్కులో, ఒకటి అమలాపురంలో మామయ్య కొడుకు దగ్గర. ఇంట్లో పెద్దవాళ్ల గొంతున్న కాసెట్ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పారెయ్యకండి. బూజు పట్టినా, టేపు తెగినా, వినే యంత్రం లేకపోయినా సరే. నకలు తీశాక కూడా ఉంచండి.

2014లో ఐపాడ్ క్లాసిక్ తయారీ ఆగిపోయింది, 2022లో చివరిదైన ఐపాడ్ టచ్ కూడా. మా డాక్ ఇంకా పనిచేస్తోంది. వెనకనున్న రంధ్రంలోకి ఫోన్ నుంచి వైరు వేసుకుని వాడుకుంటున్నాం. పైన కనెక్టర్ మీద దుమ్ము పడకుండా అమ్మ చిన్న గుడ్డ కప్పింది.

పోయిన సంక్రాంతికి తాడేపల్లిగూడెంలో పిన్ని దగ్గరకి వెళ్లాం. అమ్మకి చెదిరిపోయిన చోటు పిన్నికి బాగానే వచ్చు. లక్ష్మణదేవర నవ్వు కూడా చివరిదాకా వచ్చు. నిద్రాదేవత వచ్చి ఎదురుగా నిలబడితే చూసి నవ్వాడని, పూర్తిగా పాడి వినిపించింది. ఊర్మిళ పాట దగ్గరే పేచీ వచ్చింది. గుర్తుపట్టాక ఊర్మిళ ముందు ఏడుస్తుందని అమ్మ, ముందు తలంటి పోయిస్తారు, ఏడుపు ఆ తర్వాతనని పిన్ని. "అమ్మ ఇలాగే పాడేది" అని ఇద్దరూ ఒట్టేశారు. మధ్యాహ్నం మొదలైన వాదన దీపాలు పెట్టే వేళకి కూడా తేలలేదు. కాసెట్ ఉంటే ఒక్క నిమిషంలో తేలేది. ఇద్దరి పాఠాలూ విడివిడిగా, ఎవరిది వాళ్ల పేరుతో రికార్డు చేసి ఉంచాను. నేను రెండూ నేర్చుకుంటున్నాను.